కొండదారిలో విక్టర్

చీపురుపల్లి,
7 జూన్ 2015

మా కాంతం అప్పకు,

సత్యం వందనాలు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మొన్న రూబీ ఫోన్ చేసి "మావా, అమ్మ మాటాడతాదట" అందని బెన్హర్ ఆ ఫోను తెచ్చి నా చెవిలో దూర్చాడు. నాకు గూడ్సు బండి పట్టాలు మారుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. నా చెవుల సంగతి తెలిసీ నువ్వెందుకు శ్రమపడతావు? మనిద్దరికీ ఉత్తరమే మేలు. నీ కంటికి ఆపరేషన్ అయ్యాక అక్షరం కుదురుగా వస్తోంది కూడా.

ఎండలు చంపేస్తున్నాయి. గాలివానకి పడిపోయిన మామిడిచెట్టు చోట బెన్హర్ మొక్క నాటాడు గాని అది బతికేలా లేదు.

అసలు సంగతికొస్తాను. మన దీవెన రంగంలోకి దిగింది. నాన్న రేవులో పోయిన దగ్గర్నుంచి మనం ఇల్లు చేరేదాకా పడ్డదంతా జనానికి కళ్లకు కట్టినట్టు చూపించాలట. డిసెంబరుకల్లా అయిపోవాలి. తోడు ఆరుగురు పిల్లలున్నారు. విజయనగరంలో కిరాణా దుకాణం ఉమాపతిగారి అమ్మాయి దీపిక కూడా ఉంది. బెన్హర్‌కి బొత్తిగా ఇష్టం లేదు. "ఎమ్మే సదువుతూ మజ్జిలో ఇదేటి పిచ్చి" అని కూతురి మీద లేచాడు. మనవరాలి పక్షాన నేనే నిలబడ్డాను. మన కష్టం గురించి ఇంతవరకూ అడిగినవాళ్లు లేరు. అడిగిన పిల్లని ఎందుకు ఆపాలి?

నీకేమైనా గుర్తుంటే రాసి పంపు. నాకు అప్పటికి ఎనిమిదేళ్లు. నీకు పదకొండు. నాకంటే నువ్వే ఎక్కువ చూసి ఉంటావు.

నీ తమ్ముడు
సత్యం


భోగాపురం,
19 జూన్ 2015

సత్యం,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఆడపిల్లని రంగం పంపడానికి నీకు మనసెలా ఒప్పింది? పైగా దిగింది అని రాశావు. డిసెంబరు అని కూడా రాశావు. దిగిందా, దిగబోతోందా? ఓడలో వెళ్లిందా, విమానంలోనా? బెన్హర్ వద్దన్నాడంటే వాడికున్న తెలివి నీకు లేకపోయింది.

ఇక్కడ మాకూ విమానాల గొడవే. విమానాశ్రయం కడతారట. సర్వేవాళ్లు వచ్చి జీడితోటల్లో రాళ్లు పాతి వెళ్లారు. రూబీ పెనిమిటి తోటలో కూడా పాతారు. ఊరంతా మీటింగులు. ఎవరు ఏ పక్షమో తెలియడం లేదు. నా భయం వేరు. ఆకాశంలో చప్పుడైతే చాలు, నేను ఇప్పటికీ తలుపు వెనక్కి వెళ్లి నిలబడతాను. రూబీ పిల్లలు నవ్వుతారు. క్రిస్మస్ ముందు రోజుల్లో రంగం రేవు మీద జపానువాళ్ల బాంబులు పడినప్పుడు వాళ్లమ్మే పుట్టలేదు, వాళ్లకేం తెలుసు.

సరే. పోయిన పిల్ల ఎలాగూ పోయింది. దానికి ఈ మాట ఎలాగైనా చేరవెయ్యి. ప్రోమ్ ఊరు దాటి, టాంగుప్ వైపు వెళ్లే కొండదారిలో అడగాలి. మొహం నిండా పచ్చబొట్లు పొడిపించుకున్న కొండజాతి ముసలమ్మ ఒకతి ఉండేది. ఆవిడ ఇప్పుడు ఉండదు. ఆవిడ ఇంటివాళ్లయినా ఉంటారు కదా. మన తమ్ముడు విక్టర్ గురించి అడగమను. వాడికిప్పుడు డెబ్బై అయిదు దగ్గర పడి ఉంటాయి. ఎడమ మోచేతి కింద గంజి ఒలికి కాలిన మచ్చ ఉండాలి. తెలుగు రాదు వాడికి, ఎలా వస్తుంది, రెండేళ్లు నిండకుండానే ఇచ్చేశాం. ఈ సంగతి నీ దగ్గర ఎత్తొద్దని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. పిల్ల రంగంలో దిగాక ఇంక ఒట్టేమిటి? దేవుడు నన్ను క్షమిస్తాడు.

వెంటనే జవాబు రాయి.

కాంతం


చీపురుపల్లి,
27 జూన్ 2015

అప్పా,

ముందుగా నీ మనసు కుదుట పడనీ. దీవెన ఎక్కడికీ వెళ్లలేదు. విశాఖపట్నంలో హాస్టల్లో ఉంది, ఆదివారం వచ్చి వెళ్లింది కూడా. అది వేస్తున్నది నాటకం. రంగం అంటే స్టేజీ అనే అర్థంలో రాశాను. మన ఇళ్లలో రంగూన్‌ని రంగం అంటామన్న సంగతి, ముప్పై ఏళ్లు తెలుగూ సోషలూ చెప్పిన నాకు ఆ క్షణాన తట్టలేదు. డిసెంబరులో విజయనగరంలో కాలేజీ పిల్లలకి నాటకాల పోటీ ఉంది. దానికోసం రంగూన్ నుంచి మన నడక గురించి రాస్తోంది. అంతే.

నీ ఉత్తరం చదివి మొదట నవ్వాను. బెన్హర్‌ని పిలిచి చదివి వినిపించాను. చివరిదాకా వచ్చేసరికి చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతున్నాను. వాడు "ఏటి నాన్నా, ఏటయింది" అని నా భుజం పట్టుకుని కుదిపాడు.

విక్టర్‌ని అడగమనడం ఏమిటి? విక్టర్ చనిపోయాడు కదా అప్పా.

నాకు గుర్తున్నది చెబుతాను. కొండ ఎక్కుతున్నాం. నువ్వు జ్వరంతో అమ్మ వీపు మీద ఉన్నావు. వాడు అమ్మ చంకలో ఉన్నాడు. నేను అమ్మ చీర చెంగు పట్టుకుని నడుస్తున్నాను. మేస్త్రి జోగయ్య మావ గుంపు ముందు నడుస్తున్నాడు. మిట్ట మధ్యాహ్నం ఒక బండ దగ్గర ఆగాం. నన్నూ జోగయ్య మావ కొడుకు సూరయ్యనీ నీళ్లు వెతకమని కిందికి పంపారు. నీళ్లు దొరకలేదు. తిరిగి వచ్చేసరికి అమ్మ చంకలో వాడు లేడు. నేను అడిగాను. అమ్మ నా రెండు చెవులూ పట్టుకుని, మొహం దగ్గరగా పెట్టి చెప్పింది. "తమ్ముడు సచ్చిపోనాడు. వాంతయినాది, పానం ఎల్లిపోనాది. జోగయ్య మావ రాళ్లకింద పెట్టినాడు. అప్పకి సెప్పకు. జొరంలో ఉన్నాది, ఇంటే బతకదు."

అమ్మ పోయాక కూడా ఆ మాట నీకు చెప్పలేదు. నీకు నీ అంతట తెలిసే ఉంటుందనుకున్నాను. పచ్చబొట్ల ముసలమ్మ ఎవరు? ఇదంతా నీకెవరు చెప్పారు?

సత్యం


భోగాపురం,
11 జూలై 2015

తమ్ముడికి,

నీ ఉత్తరం రూబీ చేత కూడా చదివించుకున్నాను, నేను తప్పు చదివానేమోనని. అదే ఉంది.

నాకు చెప్పింది అమ్మే. చిట్టగాంగులో ఓడ దిగాక, క్యాంపులో నాకు జ్వరం వదిలింది. తెలివి వచ్చి చూస్తే వాడు లేడు. అమ్మ నా తల దువ్వుతూ చెప్పింది. "కొండ మీద ఒకావిడికి ఇచ్చినానే. మొకం నిండా పచ్చబొట్లు, మంచి మనిసి. మేక ఉన్నాది ఆవిడికి, పాలు పడతాది. నా కాడుంటే సచ్చిపోతాడు, ఆవిడి కాడుంటే బతుకుతాడు. తమ్ముడికి సెప్పకు. ఇంటే ఎనక్కి పరిగెట్టిపోతాడు." దువ్వెన ఎవరిదో అడిగి తెచ్చుకుంది. పళ్లు విరిగిన కర్ర దువ్వెన. అది కూడా గుర్తుంది నాకు. అబద్ధమైతే దువ్వెన గుర్తుంటుందా?

నువ్వు ఎనిమిదేళ్లవాడివి. ఆకలితో, దాహంతో ఉన్నావు. ఏది విన్నావో, ఏది అనుకున్నావో.

డెబ్బై మూడేళ్లుగా వాడికోసం ప్రార్థన చేస్తున్నాను. పెళ్లయిందా, పిల్లలున్నారా, ఆ దేశంలో గొడవలొచ్చినప్పుడల్లా ఎలా ఉన్నాడో అని. కుటుంబ ప్రార్థనలో "దూరంగా ఉన్న మా తమ్ముణ్ణి కాపాడు తండ్రీ" అని అందరి ముందూ అనేదాన్ని. నువ్వు ఆమెన్ అనేవాడివి. నీకు అనుమానం రాలేదని సంతోషించేదాన్ని.

మిషన్ ఆస్పత్రిలో నర్సుగా ఉన్నప్పుడు పురిట్లో తల్లి పోయిన బిడ్డల్ని వేరేవాళ్లు తీసుకెళ్లడం ఎన్నోసార్లు చూశాను. బతికారు వాళ్లంతా. వీడెందుకు బతకడు?

దీవెనతో ఏమీ చెప్పకు. ముందు మనం తేల్చుకుందాం.

కాంతం అప్ప


చీపురుపల్లి,
23 ఆగస్టు 2015

అప్పకు,

ఆలస్యానికి ఏమనుకోకు. మధ్యలో ఒక ప్రయాణం చేశాను. అది చెప్పేముందు ఒక మాట. "దూరంగా ఉన్న తమ్ముడు" నేనే అనుకున్నానప్పా. పెళ్లికి ముందు నేను పార్వతీపురంలో ఉద్యోగం చేస్తున్నాను కదా. మా అప్పకి నేనంటే ఎంత ప్రేమ అని ఆమెన్ గట్టిగా అనేవాణ్ణి. చీపురుపల్లి వచ్చేశాక కూడా అదే ప్రార్థన చేస్తుంటే, అలవాటు పోలేదనుకున్నాను.

దీవెనకి చెప్పొద్దన్నావు. అప్పటికే బెన్హర్ చెప్పేశాడు. నీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు వాడు పక్కనే ఉన్నాడు కదా. వాడిమీద కోపం తెచ్చుకోకు.

మేస్త్రి జోగయ్య మావ కొడుకు సూరయ్య ఇంకా ఉన్నాడని తెలిసింది. శ్రీముఖలింగంలో మనవడి దగ్గర ఉంటున్నాడు. బెన్హర్, నేను ఆమదాలవలసలో రైలు దిగి, ఆటో మాట్లాడుకుని వెళ్లాం. వంశధార నిండుగా ఉంది. సూరయ్య అరుగు మీద చోడి అంబలి తాగుతున్నాడు. మనిషి ఎముకల పోగు. నన్ను పోల్చుకున్నాడు. "నువ్వు రేవులో ఫ్రాన్సిస్ మావ కొడుకువి గాదేటి" అన్నాడు. నాన్న పేరు పరాయి నోట విని ఎన్నాళ్లయిందో. అతని మాటల్ని బెన్హర్ నా పాత పలక మీద రాసి చూపిస్తూ వచ్చాడు.

అడిగాను. "మా అయ్యే రాళ్లు పేర్సినాడు, నాను సూసినాను" అన్నాడు. నా గుండె బరువెక్కింది, తేలికా పడింది. "నువ్వు నాతో నీళ్లకి వచ్చావు కదా సూరయ్యా, ఎలా చూశావు?" అన్నాను. అంబలి గిన్నె కింద పెట్టాడు. "అయితే సూణ్ణేదు. అయ్య సెప్పినాడు కావాల" అన్నాడు. వాళ్లు భోజనం పెట్టారు. తిని చేతులు కడుక్కుంటుంటే తనంతట తనే అన్నాడు. "సిట్టగాంగు కాడ ఓడ దిగినప్పుడు మీ అమ్మ సంకన పిల్లడున్నాడు. ఏడుత్తన్నాడు. నాకు బాగా తెలుసు." బయల్దేరేటప్పుడు మళ్లీ అడిగితే, "ఏ పిల్లడు?" అన్నాడు.

ఏమీ తేలలేదు. తేల్చుకుందామని వెళ్లి ఇంకో ముడి వేసుకుని వచ్చాను. అమ్మ నాకు చెప్పిన మాటే నిజమని నిన్నటిదాకా ప్రమాణం చేసేవాణ్ణి. నీ దువ్వెన సంగతి చదివాక నోరు రావడం లేదు.

సత్యం


భోగాపురం,
4 అక్టోబరు 2015

సత్యానికి,

చిట్టగాంగులో చంకన పిల్లాడున్నాడని రాశావు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని నెల రోజులు ఉన్నాను. అయితే వాడు కొండ మీద లేడేమో, క్యాంపులో తప్పిపోయాడేమో, ఇన్నాళ్లూ తప్పు దేశం పేరు చెప్పి ప్రార్థించానేమో అని. సూరయ్య మాట మీద నమ్మకం లేదని నువ్వే రాశావు. నాకు మాత్రం అందులో నచ్చినదే మిగిలింది.

ఇప్పుడు రాస్తున్నది దానిగురించి కాదు. దీవెన నాటకం రాసి రూబీ ఫోనుకి పంపింది. రూబీ నాకు చదివి వినిపించింది. నాన్న రేవులో పోవడం బాగా రాసింది. ఏడ్చాను. తర్వాత కొండదారి. అమ్మ ఆగుతుంది. వీపు మీద పిల్ల, చంకన పిల్లాడు. పిల్లాణ్ణి బండ మీద కూర్చోబెడుతుంది. వాడు బతికే ఉన్నాడు. చేతులు చాపుతాడు. అమ్మ వెనక్కి చూడకుండా నడుస్తుంది. అంతే, తెర.

ఏం రాసిందిరా ఇది? నువ్వు చనిపోయాడన్నావు. నేను ఇచ్చేశామన్నాను. సూరయ్య చంకలో ఉన్నాడన్నాడు. వదిలేసిందని ఎవరన్నారు? నువ్వు దానికి చెప్పావా? నాకు రాయకుండా దాచి, మనవరాలికి చెప్పావా? మన అమ్మని పదిమంది ముందు నిలబెట్టి, బిడ్డని పారేసిన మనిషిని చేస్తారా? భర్త పోయి, ఇద్దరు పిల్లల్ని ప్రాణాలతో ఇల్లు చేర్చి, జీవితమంతా ఒకరింట్లో గిన్నెలు తోమి మనల్ని చదివించింది. ఆవిడకి మీరు కట్టిన కిరీటం ఇదా?

నాకు జవాబు అక్కర్లేదు.

కాంతం


చీపురుపల్లి,
18 అక్టోబరు 2015

అప్పా,

జవాబు అక్కర్లేదన్నావు. అయినా రాస్తున్నాను. ప్రభువు సాక్షిగా ఆ మాట నేను చెప్పలేదు. అలాంటి ఆలోచనే నాకు ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది, పోవడం లేదు.

దసరా సెలవులకి దీవెన వచ్చింది. నీ ఉత్తరం దాని ముందు పెట్టాను. చదివింది. తర్వాత పలక తీసుకుంది. అది రాసిందీ, పెదవుల మీద నేను చదువుకున్నదీ కలిపి చెబుతాను. "తాతమ్మ తప్పని నేనెక్కడన్నాను తాతయ్యా? ఇద్దర్లో ఒకర్నే మొయ్యగలిగేలా చేసినోళ్లెవరని అడుగుతన్నాను" అంది.

అది చాలా చదివింది. మొదటి బాంబులకి ఊరు విడిచి పారిపోతున్న మన కూలీల్ని, రేవులో సరుకు దింపేవాళ్లు కావాలని దారిలో ఆపి వెనక్కి తిప్పారట. ఓడల్లో చోటు ముందు తెల్లవాళ్లకి, తర్వాత డబ్బున్నవాళ్లకి. రేవు కూలీ భార్యకి మిగిలింది కొండ. నీళ్లు లేని దారి అని తెలిసే పంపారట. "అలాటి దారుల్లో పిల్లల్ని వదిలేసిన తల్లులు బోలెడంతమంది. వాళ్లలో ఎవరూ ఇంటికొచ్చి నిజం సెప్పలేదు. సెప్పలేరు గదా. యుద్ధం గెలిసినోళ్ల గురించి, ఓడినోళ్ల గురించి పుస్తకాలున్నాయి. ఆ తల్లి గురించి ఒక్క పేజీ నేదు" అంది.

బళ్లో ఏటేటా రెండో ప్రపంచ యుద్ధం చెప్పాను. కారణాలు, ఫలితాలు, బోర్డు మీద రెండు వరసలు. మా నాన్న, మా తమ్ముడు ఆ రెండో వరసలో ఉన్నారని ఏ పిల్లాడికీ చెప్పలేదు. మన చిన్నప్పుడు పద్యనాటకాల్లో రాజు పడితే ఎంతసేపు రాగం తీసేవారో గుర్తుందా? రథం తోలినవాడు పడితే కాళ్లు పట్టుకుని తెర వెనక్కి ఈడ్చేవారు. జనం నవ్వేవారు. నేనూ నవ్వాను. దీవెన ఆ ఈడ్చేసినవాడి గురించి రాస్తానంటోంది. అది తప్పని ఎలా అనను? మన అమ్మ గురించి రాసింది కాబట్టి ఒప్పని ఎలా అనను?

నాటకం ఆపమంటే ఆపేస్తానంది. నువ్వే చెప్పాలట. ఒక్క మాట రాయి.

నీ తమ్ముడు సత్యం


భోగాపురం,
22 నవంబరు 2015

తమ్ముడికి,

వానలకి పోస్టు సరిగ్గా రాలేదు. నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. రాళ్లు పాతినవాళ్లు మళ్లీ వచ్చారు. ఊళ్లో ఆడవాళ్లంతా రోడ్డు మీద కూర్చున్నారు. రూబీ కూడా వెళ్లింది. ఎవరికి చోటు, ఎవరికి దారి అనేది ఎక్కడో కూర్చుని ఎవరో రాస్తారని దీవెన అన్నది నిజమేననిపించింది. అది వేరే సంగతి.

ఆపొద్దని చెప్పు. నేను వస్తాను. అమ్మని ఎలా చూపిస్తారో నా కళ్లతో చూడాలి.

క్షమించానని అనుకోవద్దు. క్షమించలేదని కూడా అనుకోవద్దు. ఏమీ అనుకోవద్దు.

కాంతం


చీపురుపల్లి,
20 డిసెంబరు 2015

అప్పా,

నువ్వూ రూబీ కారెక్కి వెళ్లిపోయాక మేం హాలు బయట చాలాసేపు నిలబడ్డాం. నాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లావు. మాట్లాడినా వినపడేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

నేను నాటకం చూశాను గాని వినలేదు. ఉమాపతిగారి దీపిక అమ్మ వేషంలో ఉంది. వీపు మీద ఒక సన్నపాటి పిల్లని కట్టుకుంది. చంకలో తువ్వాలు మూట. చెంగు పట్టుకుని నడిచే కుర్రాణ్ణి చూడలేక తల దించుకున్నాను. మళ్లీ ఎత్తేసరికి ఆ అమ్మాయి మూటని బండ మీద పెట్టి నాలుగడుగులు వేసింది. అప్పుడు నువ్వు లేచావు. రూబీ చెయ్యి పట్టుకుంటే విదిలించావు. స్టేజీ అంచుదాకా వెళ్లి, దీపిక మొహంలోకి చూస్తూ ఏదో అన్నావు. నాకు నీ వీపే కనిపించింది. దీపిక బిత్తరపోయి తెర పక్కకి చూసింది. తర్వాత వెనక్కి వెళ్లి, మూట తెచ్చి నీ చేతుల్లో పెట్టింది. తెర పడి, లైట్లు వెలిగేదాకా నువ్వు ముందు వరసలో మూట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావు.

ఏమన్నావప్పా?

అందర్నీ అడిగాను. తలో మాట చెబుతున్నారు. "ఆపండి ఈ నాటకం" అన్నావని బెన్హర్ అంటాడు. వాడు వెనక వరసలో ఉన్నాడు. నువ్వు ప్రార్థన చేశావని ఉమాపతిగారు అన్నారు. రూబీకి బెన్హర్ ఫోన్ చేస్తే ఏడుస్తూనే ఉందట. దీపికని అడిగితే కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. దీవెన మాత్రం నువ్వు దాన్ని అసహ్యించుకున్నావని నిశ్చయించుకుంది. "మామ్మని సంపేసినాను తాతయ్యా, ఇంక ఈ నాటకం వెయ్యను" అని పలక మీద రాసి, నా ముందు పెట్టి వెళ్లిపోయింది. తిండి సరిగ్గా తినడం లేదు.

ఇంకో వింత చెప్పనా? రెండో బహుమతి వచ్చింది. ప్రేక్షకుల్లోంచి ఒక ముసలమ్మని నడిపించుకురావడం మంచి ప్రయోగమని న్యాయనిర్ణేతలు మెచ్చుకున్నారట. శ్రీకాకుళంలో కూడా వెయ్యమని పిలుపొచ్చింది. "ఆవిణ్ణి కూడా తీసుకురండి" అన్నారట. నవ్వాలో ఏడవాలో తెలియక ఆ కాగితం జేబులో పెట్టుకున్నాను.

రాయి అప్పా. ఈసారి ఆలస్యం చెయ్యకు.

సత్యం


భోగాపురం,
28 డిసెంబరు 2015

నా తమ్ముడు సత్యానికి,

క్రిస్మస్ ఆరాధనకి వెళ్లలేకపోయాను. ఒంట్లో బాగాలేక కాదు, జనం మొహాలు చూడబుద్ధి కాలేదు. ఇప్పుడు బాగున్నాను.

మతి పోయి లేచాననుకోకు. అది స్టేజీ అని నాకు తెలుసు. దీపిక మన అమ్మలా లేనే లేదు. అమ్మ పొట్టి, నలుపు. ఈ పిల్ల పొడుగ్గా, పచ్చగా ఉంది. నేను చూసింది దీపికని కాదు. దాని వీపు మీద ఉన్న పిల్లని. కళ్లు మూసుకుని, చేతులు వేలాడేసి ఉంది. అది నేను కదరా. ఆ దారంతా నేను అలాగే ఉన్నాను. అమ్మ ఏం చేసిందో, ఎవరితో మాట్లాడిందో, వాడు ఏడ్చాడో లేదో, నాకేమీ తెలియదు. దాని చెవి పక్కనే అంతా జరుగుతోంటే ఆ పిల్ల కళ్లు తెరవదు. నాకు ఒళ్లు మండింది. లేచాను.

నేనన్నది ఇది. "అమ్మా, నన్ను దించీ. నాను నడిసెల్తాను. ఆణ్ణెత్తుకో."

అంతే. ఆపమనలేదు, తిట్టలేదు, ప్రార్థన చెయ్యలేదు. పదకొండేళ్లప్పుడు అనవలసిన మాట. జ్వరంలో అనలేకపోయాను. అన్నా అమ్మ దించేది కాదేమో. దీపికకి పాపం ఏం చెయ్యాలో తెలియలేదు. నా మాటకి జవాబు వాళ్ల కాగితంలో లేదు కదా. మూట తెచ్చి, "మరి నువ్వే పట్టుకో మామ్మా" అని నెమ్మదిగా అంది. పట్టుకున్నాను.

దీవెనకి ఈ ఉత్తరం చదివి వినిపించు. దానిమీద నాకు కోపం లేదు. శ్రీకాకుళంలో వెయ్యమను. నన్ను మాత్రం స్టేజీ దగ్గరికి రమ్మనొద్దు, మళ్లీ మళ్లీ అనే మాట కాదది. చివర ఎలా ఉండాలని అది అడుగుతుంది. నాకు తెలియదని చెప్పు. చచ్చిపోయాడని రాసినా, ఇచ్చేసిందని రాసినా, వదిలేసిందని రాసినా నేను కాదనలేను. అవుననీ అనలేను.

ఈ వారమంతా వాడి గురించి కాదు, అమ్మ గురించి ఆలోచిస్తున్నాను. నీకు చెప్పింది అబద్ధమో, నాకు చెప్పింది అబద్ధమో, రెండూనో. కాని ఒకటి చూడు. ఆవిడ బతికినన్నాళ్లూ నీకేం చెప్పిందో, నాకేం చెప్పిందో తడబడకుండా గుర్తుపెట్టుకుంది. నీ ముందు వాడు చనిపోయిన తల్లిలా ఉంది. నా ముందు వాడు ఎక్కడో బతికున్న తల్లిలా ఉంది. మనం ముగ్గురం ఒకే కంచం దగ్గర కూర్చుని తింటున్నప్పుడు ఎలా ఉండేదిరా? మనిద్దరం ఒక్కసారైనా ఆవిడ మొహం చూశామా? నాకు గుర్తు రావడం లేదు. నీకు గుర్తుంటే రాయి.

ప్రార్థనలో వాడి పేరు దగ్గర ఆగిపోతున్నాను. కాపాడమని అడగాలో, నీ దగ్గరే ఉన్నాడు కదా అని అడగాలో తెలియడం లేదు. వట్టి పేరు చెప్పి ఊరుకుంటున్నాను. నువ్వూ అలాగే చెయ్యి. ఇద్దరం ఒక్కలా చేసినట్టు ఉంటుంది.

ఆ మూట లోపల చిన్న దిండు ఉందట, దీపిక చెప్పింది. బరువేమీ లేదు. అయినా ఆ రోజు నుంచి నా ఎడమ చెయ్యి భుజం దాకా లాగుతోంది. రూబీ తైలం రాస్తానంది. వద్దన్నాను.

నీ అప్ప
కాంతం